మా రిపోర్టూ, మల్లమ్మ గల్లీ నీళ్ళూ

మా యూనివర్సిటీలో పర్యావరణం కోర్సులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు పాతబస్తీ మొఘల్‌పురాలోని మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఈ డిపార్టుమెంటు మొదలుపెట్టినవాళ్ళలో మీరొక్కరే మిగిలారట కదా మేడం, ఆ రోజుల సంగతి చెప్పండి అంటారు. నేను టీ పోసి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించేస్తాను. వాళ్ళు వెళ్ళాక నా మీద నాకే చిరాకు వేస్తుంది. ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు తియ్యటి మాటలు చెప్పి పంపితే ఏం లాభం? అందుకే ఇది రాస్తున్నాను. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

నేను చరిత్ర లెక్చరర్ని. నా పేరు గ్రేస్. మా నాన్న ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసేవాడు. మిషన్ కాలేజీలో చదువుకుని, అదే కాలేజీలో ఉద్యోగం దొరికినప్పుడు మా ఇంట్లో పండగ చేసుకున్నారు. అప్పటికది ఇంకా కాలేజీయే. యూనివర్సిటీ హోదా కోసం మావాళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురు చూస్తున్న రోజులు.

జంటగా తిరగడం

డెబ్బైల చివర్లో పర్యావరణం అనే మాటను పేపర్లలో కొత్తగా చూస్తున్నాం. మా ప్రిన్సిపాల్ రెవరెండు, చర్చి పాదిరి. మాట చల్లగా ఉండేది, ఇస్త్రీ ఎప్పుడూ చెదిరేది కాదు. ఒకరోజు ఆయన మమ్మల్ని పిలిచి, దేవుడి సృష్టిని కాపాడటం క్రైస్తవ విద్యాసంస్థ బాధ్యత అన్నారు. సైన్సువాళ్ళు ఒకవైపు, చరిత్రా సాహిత్యం చెప్పేవాళ్ళు ఒకవైపు నిలబడి ఒకే ఊరిని చూడాలన్నారు. నీటిని కెమిస్ట్రీ పరీక్షిస్తే, ఆ నీళ్ళు తాగే మనుషుల మాట మేం వినాలన్నమాట. ఆలోచన మంచిది. నేను ఇప్పటికీ అదే అంటాను. ఆ ఆలోచనను చెడగొట్టింది మేమే.

కెమిస్ట్రీ హెడ్ డాక్టర్ సామ్యూల్, నేను ఒక జట్టు. ఆయనది గుంటూరు వైపు. పనిమంతుడే, ల్యాబులో దిట్ట. కానీ బస్తీలో మనుషులు మాట్లాడుతుంటే నా మొహం చూసేవారు, తర్జుమా చెయ్యమని. మొదట్లో మేం లాడ్ బజార్‌లో లక్కగాజుల కొలుముల దగ్గర కూర్చున్నాం. ఆయన పొగ సంగతి చూస్తే, నేను ఆ పొగలో పుట్టి పెరిగిన ఆడవాళ్ళ మాటలు రాసుకున్నాను. పైకప్పుకు ఒక కంత పెట్టిస్తే దగ్గు తగ్గుతుందని ఇద్దరం కలిసి చెప్పాం. ఒక దుకాణం సేఠ్ నవ్వి, "మేడంసాబ్, ముందు మీరు గీ గాజులు తొడిగిచ్చుకోండి, తర్వాత కంత పెడత," అన్నాడు. గాజులు తొడిగించుకున్నాను. ఆయన కంత పెట్టించాడు. మా జట్టు పనిలో నాకు గర్వంగా అనిపించిన రోజు అదొక్కటే. ఆ తర్వాతే సంతోష్‌నగర్ వెనకవైపు గల్లీ వచ్చింది.

సీసాలు ఎవరు నింపారు

ఆ గల్లీలో ఉన్నవాళ్ళంతా కూలీనాలీ చేసుకునేవాళ్ళు, మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్ళు, హమాలీలు. గల్లీ మొత్తానికి ఒకటే బావి, వాళ్ళ మాటలో బాయి. దాన్ని ఆనుకుని మురికినీళ్ళ మోరీ పారేది. వానలు పడితే మోరీ పొంగి బాయిలోకి దిగేది. మంచినీళ్ళకు దూరంగా మస్జిద్ దగ్గర ఒక నల్లా ఉండేది. పొద్దున్నే కాసేపు వచ్చేది. అది రాని రోజున, వచ్చినా జనం ఎక్కువైన రోజున, బాయి నీళ్ళే గతి. ప్రతి వానాకాలం ఆ గల్లీలో కామెర్లు వచ్చేవి, వాళ్ళు పస్కలు అంటారు. గల్లీలో అందరూ మాట వినే పెద్దావిడ మల్లమ్మ. ఆమె పెద్ద మనవడు వాటితోనే పోయాడు. ఇక మిగిలింది చిన్న మనవరాలు సుజాత. కొడుకూ కోడలూ కూలికి పోతే ఆ పిల్లను మల్లమ్మే చూసుకునేది.

గల్లీకి ఒక నల్లా వెయ్యమని వాళ్ళు వాటర్ వర్క్స్‌లో అర్జీ పెట్టుకున్నారు. వచ్చే వానల్లోపు వేస్తానని ఇంజినీరు దాదాపు ఒప్పుకున్నాడు కూడా. బాయి నీళ్ళు చెడ్డవని ఎవరన్నా చదువుకున్నవాళ్ళు తేల్చి చెబితే పని తొందరగా అవుతుందన్నాడట. అందుకే మేం వస్తున్నామని తెలిసి వాళ్ళు పెళ్ళివారు వస్తున్నట్టు గల్లీ అంతా ఊడ్చి కళ్ళాపి చల్లారు.

మేం జీపు దిగగానే నీడలో మంచం వేసి, మీద కొత్త దుప్పటి పరిచారు. మల్లమ్మ భర్త నర్సింహ ఇరానీ హోటల్ నుంచి టీ, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాడు. డాక్టర్ సామ్యూల్ మంచం మీద కూర్చున్నారు. నన్ను మల్లమ్మ లోపలికి తీసుకుపోయింది. గల్లీ ఆడవాళ్ళు చాలామంది ఆ చిన్న గదిలో కూర్చున్నారు. నేను అడిగేది అడుగుతున్నాను, రాసుకునేది రాసుకుంటున్నాను. బయట నుంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఆ సీసాలు ఇటియ్యిండ్రి. మీరు కూసోండ్రి సారూ, మేం తెస్తం."

"పరవాలేదమ్మా, మా స్టూడెంట్లు ఉన్నారుగా."

"వద్దు సారూ. గీ ఎండల మీరెందుకు? టీ తాగుండ్రి."

ఆయన టీ తాగారు. నీటి పరీక్షలో మొదటి సూత్రం, సీసా నీ చేత్తో నువ్వే ముంచాలి. అది ఆయనే క్లాసులో చెప్పేవారు. గుమ్మంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది, గల్లీ కోడళ్ళు ఇద్దరు తెల్లటి సీసాలు తీసుకుని నవ్వుతూ గల్లీ చివరికి పోయారు. నింపి తెచ్చారు. మా స్టూడెంటు ఒకడు ఫొటో కూడా తీశాడు. తర్వాత ఆ ఫొటో రిపోర్టులో పడింది, కింద 'ప్రజల భాగస్వామ్యం' అని రాశారు.

నీళ్ళు అబద్ధం చెప్పవు

పరీక్ష ఫలితాలు వచ్చాయి. నీళ్ళు తాగడానికి పనికొస్తాయని తేలింది. నాకు మతి పోయింది. నేను విన్న మాటలు వేరు. బాయి కంపు కొడుతుందని, వానాకాలం అయితే మరీ అని ఒకామె చెప్పింది. అన్నం వండితే ఎర్రగా అవుతుందని ఇంకొకామె. పప్పు ఎంతకూ ఉడకదని అందరూ. నేను సామ్యూల్ గారి దగ్గరికి పోయి, సార్, ఈ రెండూ ఒకేసారి నిజం కావు, మళ్ళీ పోయి మనమే ముంచుకొద్దాం అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మేడం, మీరు భలే సెంటిమెంటుగా ఆలోచిస్తారండి. నీళ్ళు అబద్ధం చెప్పవు. మనుషులు చెబుతారు."

ఆ మాట ఆయన చాలా ఇష్టంగా అన్నారు. తర్వాత రెండు మూడు మీటింగుల్లో కూడా అన్నారు. నేను రాసిన భాగాన్ని ఒక పేజీకి కుదించి, దానికి 'స్థానికుల నమ్మకాలు' అని పేరు పెట్టారు. పిల్లవాడు పోయిన తల్లి మాట నమ్మకం అట. నేను నా పేరు తీసెయ్యమన్నాను. అప్పటికే ప్రెస్సుకు పోయిందన్నారు. ప్రెస్సు అంటే ఏమిటో తెలిసిన ఇంట్లో పుట్టినదాన్ని. కూర్చిన అక్షరాలను విప్పడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. కానీ అక్కడ వినేవాళ్ళు ఎవరు?

రిపోర్టు అందంగా అచ్చయింది. ప్రిన్సిపాల్ గారు చాపెల్‌లో దాన్ని పైకెత్తి చూపించి ప్రార్థన చేశారు. తర్వాత ఊళ్ళో ఉన్న ఆఫీసులన్నిటికీ పంపించారు. వాటర్ వర్క్స్‌కు కూడా. ఎవరూ అడగకుండానే.

మెహమాన్లు

వేసవి మధ్యలో మల్లమ్మ కాలేజీకి వచ్చింది. ఎండలో నడిచి వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే నాకు కబురు చేసింది. చెట్టు కింద కూర్చోబెట్టాను.

"గదేంది టీచరమ్మా? ఇంజినీరు సారు నల్లా ఇయ్యనన్నడు. మా బాయి నీళ్ళు మంచిగున్నయని మీ కాలేజే చెప్పిందట. నల్లా ఎనక గల్లీకి ఇస్తుండట."

"సీసాల్లో నీళ్ళు మంచివని తేలింది మల్లమ్మా. నాకూ అర్థం కావడం లేదు. ఆ రోజు బాయిలో మందు ఏమన్నా వేశారా?"

"మందెందుకేస్తం? గవి బాయి నీళ్ళు కావు గదా."

నేను ఆమె మొహం చూశాను. ఆమె నా మొహం చూసింది, ఇంత చిన్న సంగతి ఈమెకు తెలియదా అన్నట్టు.

"మస్జిద్ నల్లా నీళ్ళు గవి. పొద్దుగాల పట్టి దాచిన బిందె. మరి సార్లకు గా బాయి నీళ్ళిస్తమా టీచరమ్మా? ఇంటికొచ్చిన మెహమాన్లు. గంత తెల్లటి సీసలల్ల గా మురికి నీళ్ళు పోస్తె మా ఇజ్జతేం గావాలె?"

"పరీక్షకు అని చెప్పాం కదా."

"మీరు చెప్పిన్రు. మీ సారు సీసలు మాకిచ్చి టీ తాగిండు. పరీచ్చ అంటే మాకేం తెలుస్తది? కాలేజోళ్ళకు మంచి నీళ్ళే ఇయ్యాలె అనుకున్నం."

ముందు సిగ్గేసింది. ఆ తర్వాత, నిజం చెబుతున్నాను, సంతోషం కూడా వేసింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోయింది కదా, సరిదిద్దడం ఎంతసేపు అనుకున్నాను. నీ నల్లా ఎక్కడికీ పోదు, వానల్లోపు వస్తుంది, ఫికర్ పెట్టుకోకు అని మల్లమ్మకు చెప్పి బస్సెక్కించాను.

కొత్తగా పనిలో చేరేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. మనం పరిశీలించడానికి పోయామని మనం అనుకుంటాం. వాళ్ళకు మనం ఇంటికొచ్చిన మనుషులం. పాతబస్తీలో ఇంటికొచ్చినవాడికి ఉన్నదాంట్లో మంచిది పెడతారు. చినిగిన దుప్పటి దాచి కొత్తది పరుస్తారు. ఆ మర్యాదకు మొక్కండి, కానీ పరీక్ష చేసేది ఆ మర్యాదను కాదు. ఇది కెమిస్ట్రీ పుస్తకంలో ఉండదు. చరిత్ర పుస్తకంలోనూ ఉండదు. రెండు పుస్తకాలూ చదివినవాళ్ళు కలిసి బాయి దాకా నడిస్తే తెలుస్తుంది. మేం నడవలేదు.

కమిటీ వచ్చి వెళ్ళాక

సామ్యూల్ గారికి చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది. మనిషి చెడ్డవాడు కాదు, ఆ నిమిషంలో ఆయనకు నిజంగా బాధేసింది. "ప్రిన్సిపాల్ గారితో మాట్లాడదాం పదండి," అన్నారు. దారిలో మెట్ల మీద ఆయన నడక మెల్లబడింది. గదిలోకి పోయేసరికి, 'బహుశా', 'ఒకవేళ', 'ధ్రువీకరించవలసి ఉంది' అని మాట్లాడటం మొదలుపెట్టారు.

ప్రిన్సిపాల్ గారు అంతా విన్నారు. "గ్రేసమ్మా, యూనివర్సిటీ హోదా కోసం కమిటీ వస్తోంది. వాళ్ళకు మనం చూపించబోయేది ఈ రిపోర్టే. వాళ్ళు వచ్చి వెళ్ళాక నెమ్మదిగా చూద్దాం."

"సార్, కమిటీ వానల తర్వాత వస్తుంది."

"ప్రార్థన చేద్దాం."

నా ఒళ్ళు మండింది. నేను చిన్నప్పటి నుంచి ప్రార్థన చేస్తున్నదాన్నే. ఆ మాటను తలుపు మూసే గడియలా వాడగలరని ఆ రోజే చూశాను.

నేనే వాటర్ వర్క్స్‌కు పోయాను. ఇంజినీరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, అంతా విన్నాడు.

"మీ మాట సహీ అమ్మా. కానీ నేను మీ మాట మీద నల్లా మార్చలేను. మీ కాలేజీ ఒక్క మాట చెప్తె చాలు. రిపోర్టుల తప్పయింది అని. రేపే పైపులు దింపిస్త. నేనే ఫోన్ చేసి మీ ప్రిన్సిపాల్ సాబ్‌ను అడుగుత, బేఫికర్ పోండి."

ఆయన అడిగాడు. నేను కూడా ఆ ఫోన్ మీదే ఆశ పెట్టుకున్నాను. సూటిగా అడిగితే రెవరెండు అబద్ధం చెప్పరు కదా అనుకున్నాను. అబద్ధం చెప్పలేదు ఆయన. అంతకన్నా తెలివిగా చెప్పారు.

గల్లీలో అన్న మాట

ఇంజినీరు గల్లీకి వస్తున్నాడని తెలిసి నేనూ పోయాను. ఈసారి సీసాలు నా సంచీలోనే పెట్టుకున్నాను. ఆయన ఎదురుగా నా చేత్తో ముంచుదామని. మళ్ళీ మంచం వేశారు. ఇంజినీరు కూర్చోలేదు.

"మీ కాలేజీ ప్రిన్సిపాల్ సాబ్‌తో మాట్లాడిన," అన్నాడు, నా వైపు చూడకుండా. "వాళ్ళ పరీక్షల తప్పు లేదట. గల్లీవాళ్ళే నీళ్ళు మార్చి ఇచ్చి సైంటిస్టులను మోసం చేసిన్రట. గిట్ల మోసం చేసేటోళ్ళ అర్జీ నేనెట్ల నమ్మాలె?"

నర్సింహ చేతిలో టీ కెటిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మోసం కాదండి," అన్నాను. "మర్యాద. అతిథులకు చెడ్డ నీళ్ళు ఇవ్వకూడదని ఇవ్వలేదు. సీసా తన చేత్తో ముంచాల్సింది మావాళ్ళు. ఫొటో ఉంది, చూడండి. మా రిపోర్టులోనే ఉంది, వీళ్ళు సీసాలు తెస్తుంటే మా సారు మంచం మీద ఉన్నారు."

ఆయన చంకలో ఫైలు సర్దుకున్నాడు. "అమ్మా, మీరు చెప్పేది నిజమే అయ్యుంటది. మర్యాద అని రాసేటందుకు నా ఫైల్ల ఖానా లేదు. పెద్ద పాదిరి సాబ్ ఒక మాట చెప్పినంక నేను ఇంకొకటి రాస్తె నన్ను అడుగుతరు."

నేను బాయి దగ్గరికి పోయి నీళ్ళు ముంచి ఆయన ముందు పెట్టాను. వాసన చూడమన్నాను. ఆయన చూశాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ సీసాను తర్వాత మా కాలేజీ ల్యాబు పరీక్షించనన్నది, చరిత్ర మేడం ముంచిన నీళ్ళకు శాస్త్రీయత లేదని. మంచం మీద కూర్చుని తెప్పించుకున్న నీళ్ళకు మాత్రం ఉంటుంది.

ఇంజినీరు పోగానే గల్లీవాళ్ళు మల్లమ్మ మీద పడ్డారు. మస్జిద్ నల్లా నుంచి తెమ్మన్నది ఆమే కదా. నీ మెహమాన్‌దారీ వల్లనే నల్లా పాయె అని ఒకామె, నీకెవరు చెప్పమన్నరని ఇంకొకామె. మస్తు లొల్లి. నేను అడ్డుపడి ఎంత చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. మల్లమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మేం మోసం చేసినమా టీచరమ్మా?"

"లేదు మల్లమ్మా."

"మరి పాదిరి సారు గట్లెందుకన్నడు? ఆయన దేవుని మనిషి గదా."

నేను సీసాను సంచీలో పెట్టుకుని బస్టాపు వైపు నడిచాను.

మిగిలిన సంగతి

వానలు పడ్డాయి. మోరీ పొంగింది. సుజాతకు కామెర్లు వచ్చాయి. బతికింది, కానీ ఆ నీళ్ళ దగ్గర మళ్ళీ పిల్లను ఉంచలేమని కోడలు నల్గొండలో వాళ్ళ అమ్మ దగ్గర వదిలేసి వచ్చింది. ఆ పిల్ల అక్కడే పెరిగింది. మల్లమ్మ ఇంట్లో పిల్లల చప్పుడు ఆగిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ బస్తీ అంతటికీ పైపులు వేస్తుంటే, వాటితో పాటు ఆ గల్లీకీ నల్లా వచ్చింది.

కమిటీ వచ్చింది, రిపోర్టు చూసి మెచ్చుకుంది. హోదా వచ్చింది, కాలేజీ యూనివర్సిటీ అయింది. మా డిపార్టుమెంటుకు పెద్ద బోర్డు పెట్టారు. నేను రిటైరయ్యేదాకా ఆ బోర్డు కిందే పాఠం చెప్పాను. ఎందుకు వదిలెయ్యలేదని మీరు అడగొచ్చు. జీతం కావాలి. అంతకన్నా, నేను వదిలేస్తే సీసా నీ చేత్తో ముంచు అని చెప్పేవాళ్ళు కూడా అక్కడ ఉండరనిపించింది. పిల్లలకు ప్రతి ఏడూ అదే మొదటి పాఠంగా చెప్పాను. ఎందుకు చెబుతున్నానో మాత్రం చెప్పనిచ్చేవారు కాదు. ఆ రిపోర్టు ఇప్పటికీ మా లైబ్రరీలో ఉంది. దాంట్లో ఆ బాయి నీళ్ళు ఇంకా మంచివే.

ఆ ఏడు వానలు వెలిశాక నేను మల్లమ్మను చూడటానికి పోయాను. బస్టాపు నుంచి నడిచేసరికి ఎండకు నాలుక పిడచకట్టుకుపోయింది. ఆమె గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. బాగున్నవా టీచరమ్మా అని అడిగింది, చాప వేసింది. మనవరాలి సంగతి చెప్పింది. నా మీద కోపమేమీ లేదు. చాలాసేపు కూర్చున్నాను. ఆ గల్లీలో ఎవరింటికి పోయినా చెప్పులు విప్పేలోపే చెంబు చేతికిచ్చేవారు. ఆ రోజు ఇవ్వలేదు. మరిచిపోయిందేమో అనుకుని నేనే అడిగాను, మంచినీళ్ళు ఇవ్వు మల్లమ్మా అని.

ఆమె చేతిలో చేట కింద పెట్టింది. లేవలేదు.

"ఏం నీళ్ళియ్యాలె టీచరమ్మా?" అన్నది. "బాయియి ఇస్తె నీకు పస్కలైతయి. నల్లాయి ఇస్తె మోసం అంటరు."